కుదురు లేని పిల్లలకు కదిలే స్టూళ్లు: కొనేముందు కాళ్లు చూడండి

ప్రశ్న: కావలి మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో రెండు, మూడు తరగతులు ఒకే గదిలో చెబుతున్నాను. మొత్తం 24 మంది. వాళ్లలో నలుగురైదుగురు బెంచీ మీద పది నిమిషాలు కుదురుగా ఉండరు. ఒకడు మోకాళ్ల మీద లేచి కూర్చుంటాడు. ఒక పాప రాస్తూ రాస్తూ బల్ల మీద వాలిపోతుంది. ఇంకొకడు కాళ్లూపి ఊపి పక్కవాడి రాత చెడగొడతాడు. మా ఊరి పూర్వ విద్యార్థి ఒకరు వ్యాయామం చేసే పెద్ద బంతులు 24 కొనిస్తామంటున్నారు, బయటి దేశాల్లో పిల్లల్ని వాటి మీదే కూర్చోబెడతారట. తీసుకోమంటారా? లేకపోతే ఊళ్లో వడ్రంగి చేత ఏమన్నా చేయించుకోవచ్చా? కొలతలతో చెప్పండి.

జవాబు: టీచర్ గారూ, బంతులు వద్దనే చెబుతాం. ఇచ్చేవారి మనసు మంచిదే, ఆ డబ్బు వేరే దానికి పనికొస్తుంది. చిన్న సైజులో దొరికే బంతి 45 సెం.మీ. ఉంటుంది. పిల్ల కూర్చుని అది అణిగినా ఎత్తు 38, 40కి తగ్గదు. రెండో తరగతి పిల్లకు 30 ఉంటే చాలు. అంటే కాళ్లు నేలకు అందవు, పైగా కింద ఉన్నది దొర్లుతుంటుంది. రెండో సంగతి, మన ఊళ్లలో బడి చుట్టూ సర్కారు తుమ్మ. చెప్పుల అడుగున ముల్లు గుచ్చుకుని గదిలోకి రాని రోజుండదు. ఎన్ని బంతులు నెల దాటుతాయో మీరే ఊహించండి. ఇక ఎండాకాలం ఆ ప్లాస్టిక్ మీద అరగంట కూర్చుంటే నిక్కరు తడిసిపోతుంది.

పరిశోధన మాటకొస్తే, బంతుల గురించి ఎక్కువగా చెప్పే అధ్యయనం 2003లో అమెరికాలో జరిగింది. శ్రద్ధ నిలవని, అతిగా కదిలే లక్షణాలున్న నాలుగో తరగతి పిల్లల మీద చేశారు. వాళ్లు బంతి మీద కూర్చున్నప్పుడు సీటు వదలడం తగ్గింది, చదవగలిగేలా రాసిన మాటలు పెరిగాయి. కానీ అందులో ఉన్నది ముగ్గురే. తర్వాత వచ్చిన ఫలితాలు కొన్ని అటు, కొన్ని ఇటు. కొందరికి మేలు చేస్తుంది, కొందరికి ఏమీ చేయదు, కొందరికి ఉన్న ధ్యాస కూడా చెడుతుంది. 24 మందికీ ఒకటే ఇవ్వకూడదనడానికి అసలు కారణం ఇదే.

పిల్లలు ఎందుకు కదులుతారో ఒక్క మాట. ఒంటి తీరు తెలియడానికి మెదడుకు కళ్లు ఒక్కటే చాలవు. లోపలి చెవిలోని సమతౌల్య భాగం, కండరాలు, కీళ్లు కూడా క్షణక్షణం కబురు పంపుతుంటాయి. అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా (రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే చికిత్సకురాలిగా) పనిచేసిన జీన్ ఎయిర్స్ 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన ఆలోచనకు ఇదే మూలం. ఇప్పుడు సెన్సరీ సీటింగ్ (ఊగే, కదిలే సీట్లు) పేరుతో అమ్ముతున్న సరుకంతా దాని నుంచి పుట్టిందే. కొందరు పిల్లలకు ఆ కబురు ఎక్కువ కావాలి, ఊగితే మెలకువగా ఉంటారు. కొందరికి నడుము కండరాల పట్టు తక్కువ, అందుకే వాలిపోతారు. మీరు రాసిన పాప రెండో రకమేమో. అయితే ఆ మాట అనుకునే ముందు ఇంకొకటి చూడాలి.

పాదాలు. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన ‘మన బడి నాడు-నేడు’ పనుల్లో వచ్చిన డ్యూయల్ డెస్కులే (ఇద్దరేసి కూర్చునే, బెంచీ బల్లా కలిసినవి) మీ గదిలోనూ ఉంటే, ఈ పూటే ఒక టేపు తీసుకోండి. పిల్లవాణ్ణి చిన్న స్టూలు మీద కూర్చోబెట్టి, మోకాలి వెనక గుంత నుంచి నేల దాకా కొలవండి. బూట్లు గుమ్మం బయట విడిచే బడి అయితే ఉత్తి కాళ్లతోనే కొలవాలి. ఆ తర్వాత బెంచీ ఎత్తు కొలవండి. బెంచీ 40 ఉండి పిల్లవాడి కొలత 29 అయితే లోటు 11 సెంటీమీటర్లు. పాదాలు గాలిలో వేలాడుతుంటే బెంచీ అంచు తొడ కింద నొక్కుతుంది, తిమ్మిరెక్కుతుంది. అప్పుడు పిల్లవాడు చేసే పనులు మూడే: కాళ్లూపడం, మోకాళ్ల మీదికి లేవడం, ముందుకు జారి బల్ల మీద వాలడం. మీ ఉత్తరంలో ఉన్నవి కూడా సరిగ్గా ఆ మూడే. కదిలే సీటు వేసినా ఆ కాళ్లు వేలాడుతూనే ఉంటాయి, ఏ మార్పూ రాదు.

దీన్ని పైసా ఖర్చు లేకుండా వారం రోజులు పరీక్షించవచ్చు. ఇటుక మందం సుమారు ఏడున్నర సెంటీమీటర్లు. ఒక్కో పిల్లకు రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టి గోనెగుడ్డ చుట్టండి. లోటు ఇంకా ఉంటే పైన పాత అట్టపుస్తకాలు కట్టి పేర్చండి. వారంలో ఐదుగురిలో ఇద్దరు ముగ్గురు సర్దుకున్నా ఆశ్చర్యపోవద్దు. ఇటుకలు పరీక్ష వరకే, తర్వాత తీసేయండి. వేళ్లు కొట్టుకుంటాయి, అంచులు రాలతాయి. శాశ్వతంగా కావాలంటే డెస్కు పొడవున 20 సెం.మీ. వెడల్పు చెక్కను, ఇద్దరికీ కలిపి, కావలసిన ఎత్తులో దిమ్మెల మీద బిగించి, ఇనుప పట్టీతో డెస్కు కాళ్లకు కట్టేయండి. ఊరికే పెడితే రెండో రోజుకే తన్నుకుంటూ ముందు బెంచీ కిందికి తోసేస్తారు.

బల్ల ఎత్తు కూడా ఒకసారి చూడండి. ఐరోపా బడుల కొలతల ప్రమాణం ప్రకారం 108 నుంచి 121 సెం.మీ. పొడవున్న పిల్లలకు సీటు 31, బల్ల 53. ఆ పైన 142 దాకా ఉన్నవాళ్లకు సీటు 35, బల్ల 59. సీటుకీ బల్లకీ తేడా 22 నుంచి 24 ఉండాలన్నమాట. మీ డెస్కులో 28 ఉంటే పిల్ల భుజాలెగరేసి రాస్తుంది, పది నిమిషాలకే చెయ్యి లాగుతుంది. అప్పుడు పిరుదుల కింద 5 సెం.మీ. గట్టి దిండు వేసి, కాళ్ల కింది చెక్కను కూడా అంతే ఎత్తు పెంచాలి. దిండు వేసి చెక్క పెంచడం మరిచిపోతే మొదటికే వస్తుంది. చాలాచోట్ల జరిగే పొరపాటు అదే.

పాదాల సంగతి తేలాక కూడా ఒకరిద్దరు కదులుతూనే ఉంటే అప్పుడు యాక్టివ్ సీటింగ్ (కూర్చునే కదలనిచ్చే సీట్లు) జోలికి వెళ్లండి. తేలికైనది కాళ్ల రబ్బరు, అంటే పిల్ల కూర్చున్నచోటే కాళ్లతో తోసుకునే పట్టీ. పంక్చరు షాపులో పారేసిన సైకిల్ ట్యూబు తెచ్చి వాల్వు ఉన్న ముక్క కోసేసి, కుర్చీ ముందరి రెండు కాళ్ల మధ్య నేలకు 12 నుంచి 15 సెం.మీ. పైన కట్టండి. కాళ్ల మధ్య దూరం 35 అయితే, ముడులు పోగా ట్యూబు 29, 30 మిగలాలి. బిగువు సరిపోయిందో లేదో తెలియాలంటే మధ్యలో రెండు వేళ్లతో లాగండి: ఐదారు సెంటీమీటర్లు సాగాలి. అంతకన్నా బిగిస్తే కుర్చీయే ముందుకు జరుగుతుంది, వదులైతే కాలు చిక్కుకుంటుంది. కొక్కేలు వాడొద్దు, తెగినప్పుడు కొక్కెం ఎగిరి ముఖానికి తగులుతుంది. ముడే వేయండి. ట్యూబు నలుపు పాదాలకూ యూనిఫారానికీ అంటుతుంది కాబట్టి పాత నూలు గుడ్డ గొట్టంలా కుట్టి తొడగండి. నెలకోసారి గుడ్డ జరిపి చూడాలి. ఎండ తగిలిన రబ్బరుకు సన్నటి పగుళ్లు వస్తాయి, అవి కనిపించగానే మార్చేయాలి.

డ్యూయల్ డెస్కుతో ఒక చిక్కు ఉంది. ఇద్దరి సీటూ బల్లా ఒకే ఇనుప చట్రం. ఒకడు రబ్బరు తన్నితే పక్కవాడి ‘క’ కాస్తా వంకర్లు పోతుంది. అందుకని రబ్బరైనా, కదిలే సీటైనా విడి కుర్చీకో, విడి స్టూలుకో పెట్టాలే గానీ డ్యూయల్ డెస్కుకు పెట్టకూడదు.

కుర్చీ మీద వేసే, గాలి నింపిన దిండు గురించి రెండు మాటలు. దొరికేవి 33 సెం.మీ. గుండ్రటివి. అందరూ చేసే తప్పు గట్టిగా గాలి కొట్టడం. పిల్ల కూర్చున్నాక అడుగుకూ పైపొరకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్లు మిగిలితే చాలు, అంతకు మించితే జారుడు బండే. నూలు తొడుగు తప్పనిసరి. ఖర్చు వద్దనుకుంటే స్కూటర్ ట్యూబును సగం గాలితో గోనెసంచిలో కుట్టి, వాల్వు లోపలివైపు తిప్పి, నేల మీద కూర్చునే సీటుగా వాడొచ్చు. కుర్చీ మీద పెట్టొద్దు, అది కుర్చీ కన్నా వెడల్పు.

ఇక మీ వడ్రంగి. మా ఓటు గుండ్రటి అడుగున్న వాబుల్ స్టూలుకు కాదు. దానికి లేత్ మిషన్ కావాలి, అది అన్ని వైపులకూ ఒరుగుతుంది. ముందుకూ వెనక్కూ మాత్రమే ఊగే స్టూలు రంపం, స్క్రూడ్రైవరు ఉన్న ఎవరైనా చేస్తారు. 115 నుంచి 125 సెం.మీ. పిల్లలకు ఈ కొలతలు సరిపోతాయి.

19 మి.మీ. ప్లైవుడ్ తీసుకోండి, నీళ్లకు ఓర్చే బీడబ్ల్యూఆర్ రకం. గది కడిగే బడిలో మామూలు ఎంఆర్ రకం ఒక వానాకాలానికే అంచులు ఉబ్బి పొరలు విడిపోతుంది. పై పలక 32 సెం.మీ. వెడల్పు, 30 లోతు. కింద రెండు పక్క పలకలు, ఎత్తు మధ్యలో 31, పైన వెడల్పు 28, అడుగున 36. సీటుతో కలిసి మొత్తం ఎత్తు 33 అవుతుంది. మామూలు కుర్చీ కన్నా ఇది రెండు సెంటీమీటర్లు ఎక్కువ, కావాలనే పెట్టాం. ఊగే సీటులో తొడ కాస్త కిందికి వాలి ఉంటే నడుము నిటారుగా నిలుస్తుంది.

అసలు కిటుకంతా అడుగున ఉన్న వంపులో ఉంది. వడ్రంగికి ‘కొంచెం వంపు పెట్టు’ అని వదిలేస్తే ఊయల కుర్చీ అంత వంపు పెడతాడు, పిల్ల వెనక్కి పడుతుంది. అట్టముక్క మీద గీసి ఇవ్వండి. నేల మీద మేకు కొట్టి, దానికి 90 సెం.మీ. తాడు కట్టి, చివర పెన్సిలుతో వంపు గీయండి. 32 సెం.మీ. పొడవు వంపులో మధ్య కన్నా చివరలు 14 మి.మీ. మాత్రమే పైకి లేవాలి. చూస్తే వంపు ఉన్నట్టే అనిపించదు, అంతే ఉండాలి. దాని మీద స్టూలు ఒక్కో వైపుకు 10 డిగ్రీలు ఒరుగుతుంది. 90 ఎందుకంటే, కూర్చున్న పిల్ల బరువు కేంద్రం నేల నుంచి సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. వంపు వ్యాసార్ధం దానికన్నా బాగా ఎక్కువుంటేనే స్టూలు తనంతట తాను నిలువుకు వస్తుంది. తాడు 50కి కుదిస్తే ఒరిగిన చోటే ఉండిపోతుంది, 40 అయితే పడేస్తుంది. వంపు అయ్యాక వెనకవైపు మిగిలిన 4 సెం.మీ. తిన్నగా కోయించండి. అది మడమలా పనిచేస్తుంది, పిల్లవాడు గట్టిగా వెనక్కి వాలినప్పుడు అక్కడ ఆగుతుంది.

పక్క పలకలు రెంటినీ 24 సెం.మీ. ఎడంగా నిలిపి, మధ్యలో 24 పొడవు, 10 ఎత్తు ఉన్న అడ్డపట్టీలు రెండు పెట్టాలి, ముందొకటి వెనకొకటి. ఊగే వస్తువుకు మేకులు నిలవవు, నెలలో వదులవుతాయి. ఫెవికాల్ పూసి 50 మి.మీ. స్క్రూలు ఎక్కించండి, ఒక్కో అతుకుకు రెండు. ముందుగా 3 మి.మీ. రంధ్రం వేయకపోతే ప్లైవుడ్ అంచు చీలుతుంది. వేలు ఇరుక్కునే సందు ఎక్కడా ఉండకూడదు: 5 మి.మీ. లోపు ఉండాలి, లేదా 25 దాటాలి. మూలలన్నీ రూపాయి బిళ్ల గుండ్రానికి అరగదీయించండి. అడుగున ఏమీ అతికించకపోతే టైల్సు మీద టకటకమంటుంది, జారుతుంది. సైకిల్ టైరు ముక్క వేస్తే నల్ల గీతలు పడతాయి. అరిగిపోయిన హవాయి చెప్పుల అడుగును రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి, చెప్పులు కుట్టేవాళ్ల దగ్గరుండే రబ్బరు గమ్‌తో అంటిస్తే చప్పుడు పోతుంది, పట్టు వస్తుంది. ఆరునెలలకోసారి మార్చుకోవాలి.

ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటులో ఇలాంటివి ఏడు దాకా వస్తాయి. మీకు నాలుగు చాలు. పిల్లలకిచ్చే ముందు 25 కిలోల బియ్యం బస్తా పైన కట్టి రెండు వందలసార్లు ఊపించండి. తర్వాత స్క్రూలన్నీ మళ్లీ బిగించి చూడండి, ఏదో ఒకటి అర చుట్టు తిరుగుతుంది.

స్టూళ్లకు వేరే బల్ల కావాలి. గోడకు 55 సెం.మీ. ఎత్తున 40 వెడల్పు పలక బిగిస్తే ఇద్దరు కూర్చుంటారు. పిల్లకు వెనక 60 సెం.మీ. ఖాళీ వదలండి. తలుపు దగ్గరొద్దు. ఇంకొక పలకను 77 ఎత్తున, పక్కనే బిగిస్తే నిలబడి పని చేసుకునే చోటు కూడా ఏర్పడుతుంది. 125 సెం.మీ. పిల్లకు మోచేయి సుమారుగా అక్కడికే వస్తుంది. ఒక కాలు పెట్టుకోవడానికి కింద 10 సెం.మీ. ఎత్తున కర్ర ఉంటే నిలబడడం సులువు. బల్ల మీద వాలిపోయే పాపకు స్టూలు కన్నా ఇదే నప్పవచ్చు. నేల మీద కూర్చునే మన పాత అలవాటును కూడా తీసిపారేయకండి. చాప, 28 సెం.మీ. ఎత్తు చిన్న బల్ల వేస్తే పిల్ల బాసింపట్టు నుంచి మోకాళ్ల మీదికి, అక్కణ్ణుంచి పక్కకు తనే మారుతుంటుంది. యాక్టివ్ సీటింగ్ పేరుతో అమ్మేది ఇంతకన్నా పెద్దగా చేసేదేమీ లేదు.

రాత వేళ కదిలే సీటు వద్దు. చేతివేళ్లు ఇంకా కుదురుకోని వయసులో నడుము నిలకడగా ఉంటేనే అక్షరం గీత మీద నిలుస్తుంది. పాఠం వినడం, ఎక్కాలు, పైకి చదవడం అప్పుడు ఇవ్వండి, ఒక్కొక్కరికి 15, 20 నిమిషాలు. మొదటి వారం అందరూ దాన్ని బొమ్మలాగే చూస్తారు, ఆడతారు, తోస్తారు. ఆ వారం చూసి తీసేయకండి. అందరికీ వంతు ఉండాలి, కావలసినవాళ్లకు ఎక్కువసార్లు. ‘అల్లరి పిల్లల కుర్చీ’ అని పేరు పడిందా, ఆ పిల్లాడు ఇక దాని మీద కూర్చోడు. శిక్షగా లాక్కోవడం, బహుమతిగా ఇవ్వడం రెండూ పనికిరావు. షరతు ఒక్కటే: రెండు పాదాలూ నేల మీద. పాదాలు లేస్తే ఆ పూటకు మామూలు బెంచీ.

పని చేస్తోందో లేదో కళ్లంచనాతో తేల్చవద్దు. ఒక పిల్లను ఎంచుకుని రోజూ ఒకే వేళలో పది నిమిషాలు, అర నిమిషానికోసారి చూసి, పనిలో ఉంటే టిక్కు, లేకపోతే సున్నా పెట్టండి. రోజుకు 20 గుర్తులు. పాత బెంచీ మీద ఒక వారం, కొత్తదాని మీద రెండు వారాలు, మళ్లీ పాతదాని మీద ఒక వారం. టిక్కులు రోజుకు 9 నుంచి 14కి పెరిగి, పాత బెంచీకి మారాక మళ్లీ 9, 10కి పడితే ఆ పిల్లకు అది పనికొచ్చినట్టే. అటూ ఇటూ 10, 11 మధ్యే ఉంటే స్టూలు వేరే పిల్లకివ్వండి. పాఠం చెబుతూ టిక్కులు పెట్టడం కష్టం, మూడో తరగతి గడుసు పిల్లకు గడియారం అప్పగిస్తే అర నిమిషానికోసారి బల్ల తడుతుంది.

వీటన్నిటికంటే ముందు ఆ ఐదుగురికీ బోర్డు కనిపిస్తోందా, మాట వినిపిస్తోందా చూడండి. పిల్లల ఆరోగ్య పరీక్షలకు బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందానికి వాళ్ల పేర్లు విడిగా చెప్పండి. ఫిట్స్ వచ్చే పిల్లలకు, తుంటి, వెన్ను ఇబ్బంది ఉన్నవాళ్లకు, కాళ్లు బిగుసుకుని ఉండే పిల్లలకు కదిలే సీటు మీ అంతట మీరు ఇవ్వకండి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని టీచరును అడిగితే ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు చెబుతారు. ఒళ్లో పెట్టుకునే బరువు సంచుల గురించి ఎవరైనా చెబితే తొందరపడొద్దు, వాటికి ఆధారం ఇంకా తక్కువ. పెట్టి చూస్తామంటే 20 కిలోల పిల్లకు కిలో దాటనివ్వకండి, పావుగంట చాలు, తనే తీసి పక్కన పెట్టగలగాలి. బియ్యం, పెసలు నింపితే ఎలుకలొస్తాయి, ఎండిన చింతగింజలు నయం.

దాత గారికి 24 బంతుల బదులు ఒక ప్లైవుడ్ షీటు, వడ్రంగి కూలి, డెస్కులకు కాళ్ల చెక్కలు అని జాబితా పంపండి. వేసవి సెలవులకు స్టూళ్లను గోడకు ఎడంగా ఇటుకల మీద పెట్టండి, లేకపోతే చెదలు పడతాయి. ట్యూబులు విప్పి చీకట్లో ఉంచండి. జూన్‌లో బడి తెరవగానే ఒక పూట మళ్లీ కొలతలు తీయండి. ఈ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు, నిరుడు సరిపోయిన చెక్క ఈ ఏడు కొందరికి ఎత్తు ఎక్కువవుతుంది.